అరువిచ్చిన వస్తువు పాడై తిరిగొస్తే?

థర్మామీటరు లేని ఇళ్ళు చాలానే ఉంటాయి. కాని థర్మామీటరు ఉన్న ఇంటి తలుపు అర్ధరాత్రి తట్టని పొరుగువారు ఉండరు. ఒకప్పుడు థర్మామీటరు, హాట్ వాటర్ బ్యాగు మాత్రమే ఇలా చేతులు మారుతుండేవి. ఇప్పుడు బి.పి. మిషను, షుగరు మిషను, నెబ్యులైజరు, వేలికి పెట్టే ఆక్సిమీటరు, వాకరు, గాలి పరుపు కూడా ఇంటింటికీ తిరుగుతున్నాయి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ రోజుల్లో ఒక్క ఆక్సిమీటరు అపార్టుమెంటులోని అన్ని అంతస్తులూ ఎక్కి దిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

వెళ్ళిన వస్తువు వెళ్ళినట్టే తిరిగి వస్తే పేచీ లేదు. కాని పట్టీ చిరిగో, బ్యాటరీలు కారో, మూత పోయో వస్తుంది. ఇంటివారికి ఒళ్ళు మండుతుంది. అడిగితే "మేం తీసుకెళ్ళేసరికే అలా ఉందండీ" అనే జవాబు వస్తుంది. అడగకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత నగల గురించి పుట్టింది గాని, వైద్య సామగ్రికి కూడా చక్కగా అతుకుతుంది.

ఇది ఆరోగ్య శీర్షికలో రాయవలసిన విషయమేనా అని కొందరికి సందేహం రావచ్చు. ముమ్మాటికీ రాయవలసిందే. అరువిచ్చిన చీర చిరిగి వస్తే నష్టం చీరతో పోతుంది. అరువిచ్చిన బి.పి. మిషను చెడి వస్తే, ఆ నష్టం దాన్ని నమ్ముకుని మాత్రలు వేసుకునే మనిషి మీద పడుతుంది. అందువల్ల ఈ వారం రెండు విషయాలు చెబుతాను. ఒకటి, తిరిగి వచ్చిన వస్తువును ఎలా పరీక్షించుకోవాలో. రెండు, పాడు చేసినవారితో మన ఆరోగ్యమూ, వారితో స్నేహమూ చెడకుండా ఎలా వ్యవహరించాలో.

కనిపించని దెబ్బే ప్రమాదం

అద్దం పగిలిన వస్తువు మనల్ని మోసం చేయదు. పగిలిందని తెలుస్తూనే ఉంటుంది గనుక వాడము. పైకి బాగానే ఉండి లోపల చెడిన వస్తువుతోనే చిక్కు. బి.పి. మిషను బల్ల మీది నుంచి కింద పడిందనుకోండి. పడినవాడు తీసి చూస్తాడు, అంకెలు వస్తూనే ఉంటాయి, "అమ్మయ్య" అనుకుని తుడిచి ఇచ్చేస్తాడు. ఆ అంకెలు నిజమైనవో కావో ఎవరికీ తెలియదు. అసలు 160 ఉన్న మనిషికి 140 చూపిస్తే ఆయన నిశ్చింతగా ఉంటాడు. 120 ఉన్న మనిషికి 145 చూపిస్తే, తనంతట తానే మాత్ర పెంచుకుని, మంచం మీది నుంచి లేచేటప్పుడు కళ్ళు తిరిగి పడతాడు.

కాబట్టి వస్తువు పాడైందన్న బాధ కన్నా, పాడైన సంగతి మనకు చెప్పలేదన్నదే పెద్ద విషయం. వారు చెప్పడమూ, దాచడమూ చాలావరకు మనం అడిగే తీరును బట్టి ఉంటుంది. ఈ మాట ముందు మనసులో ఉంచుకోండి.

తిరిగి వచ్చిన వస్తువును ఇలా చూసుకోండి

బి.పి. మిషను: పట్టీ, గొట్టం ఎక్కడైనా చిరిగాయేమో చూడండి. గాలి నిలవకపోతే మిషను మళ్ళీ మళ్ళీ ఊదుతుంది, లేదా తప్పు గుర్తు చూపుతుంది. అనుమానం ఉంటే మిషనును డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. 5 నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, ఒకే చేతికి, డాక్టరు మిషనుతోనూ మీ మిషనుతోనూ ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండు మూడు సార్లు చూడాలి. తేడా 5 పాయింట్ల లోపు ఉంటే చింతలేదు. ప్రతిసారీ 10 పాయింట్లు దాటి తేడా వస్తుంటే ఆ మిషనును నమ్మరాదు. దెబ్బ తగలకపోయినా సంవత్సరానికొకసారి ఈ పోలిక చూసుకోవడం మంచిది. పట్టీ మారి వచ్చిందేమో కూడా గమనించండి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బి.పి. ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

షుగరు మిషను: మిషను కన్నా పట్టీల డబ్బా ముఖ్యం. మూత సరిగా పెట్టకపోతే చెమ్మ తగిలి పట్టీలు చెడిపోతాయి. అటువంటి పట్టీలతో వచ్చే అంకెకు విలువ లేదు. డబ్బా మూత తెరిచి ఇచ్చారని తెలిస్తే ఆ పట్టీలు పారేయండి, డబ్బు పోతే పోయింది. చెడిన పట్టీ చూపిన అంకెను బట్టి ఇన్సులిను పెంచుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు మసకలు ఉంటే మాత్రం మిషను సంగతి తరువాత చూసుకోవచ్చు. మనిషి మింగగలిగితే వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి.

నెబ్యులైజరు: మోటారును పంచుకోవచ్చు. ముఖానికి పెట్టే మాస్కు, మందు పోసే గిన్నె, గొట్టం మాత్రం ఎవరివి వారికే ఉండాలి. ఇవి విడిగా దొరుకుతాయి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. తిరిగి వచ్చాక లోపలి ఫిల్టరు నల్లబడి ఉంటే మార్చండి. మోటారు మోగుతున్నా గిన్నె నుంచి పొగ మంచులా మందు రాకపోతే అది పనిచేయనట్టే లెక్క. ఉబ్బసం పిల్లలున్న ఇల్లు ఈ పరీక్షను వస్తువు చేతికొచ్చిన రోజునే చేసుకోవాలి. ఆయాసం వచ్చిన అర్ధరాత్రి దాకా ఆగకూడదు.

హాట్ వాటర్ బ్యాగు: నడుము నొప్పికి నూనె, బామ్ రాసుకుని ఆ పైన బ్యాగు పెట్టుకోవడం మనవాళ్ళ అలవాటు. నూనె తగిలిన రబ్బరు మెత్తబడి చెడుతుంది. తిరిగి వచ్చిన బ్యాగులో ముందు చన్నీళ్ళు పోసి, మూత బిగించి, తొట్టి మీద పట్టుకుని మెల్లగా నొక్కి చూడండి. మెడ దగ్గర, అతుకుల దగ్గర చిన్న పగుళ్ళు కనిపించినా, చుక్క కారినా అది చెత్తబుట్టకే. బాగున్న బ్యాగునైనా రెండేళ్ళకొకసారి మార్చాలి. మరిగే నీళ్ళు పోయరాదు, మూడింట రెండు వంతులకు మించి నింపరాదు, గుడ్డ చుట్టకుండా ఒంటికి ఆనించరాదు. షుగరు వ్యాధి వల్ల కాళ్ళు తిమ్మిరెక్కినవారికి పాదాల దగ్గర అసలు పెట్టరాదు. కాలుతున్నా వారికి తెలియదు. బ్యాగు పగిలి నీళ్ళు మీద పడితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోయండి. సిరా, టూత్‌పేస్టు, నెయ్యి, ఐసు ఏవీ పెట్టకండి.

వాకరు, చేతికర్ర: కింద ఉండే రబ్బరు బుడిపెలు అరిగాయేమో చూడండి. బుడిపె అరిగిన వాకరు నున్నటి గచ్చు మీద జారుతుంది. నాలుగు కాళ్ళూ ఒకే రంధ్రం దగ్గర బిగించి ఉన్నాయా, పిన్నులు పూర్తిగా బయటికి వచ్చాయా అన్నది వేలితో తడిమి చూడండి. పొడుగు మనిషి వాడి ఇచ్చిన వాకరును పొట్టి మనిషి అలాగే వాడరాదు. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే, పిడి మణికట్టు దగ్గరకు రావాలి. ముసలితనంలో ఒక్కసారి జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆ మనిషి మళ్ళీ మునుపటిలా నడవగలరో లేదో చెప్పలేము.

గాలి పరుపు: మంచాన పడినవారికి పుండ్లు పడకుండా వేసేది. దీనికి శత్రువులు చీర పిన్నులు, విరిగిన గాజులు. ఒక్క సన్నని రంధ్రం పడితే చాలు, సాయంకాలానికి గాలి దిగి, రోగి బరువంతా కింది చెక్క మీద పడుతుంది. రోగి పడుకున్నాక తుంటి కింద పరుపు అడుగున చెయ్యి దూర్చి చూడండి. అక్కడ కనీసం ఒక అంగుళం మందాన గాలి ఉండాలి. పరుపు బాగున్నా సరే, 2 గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పడం మానరాదు.

పాదరసం థర్మామీటరు పగిలితే

పాత బీరువాల్లో గాజు థర్మామీటర్లు ఇంకా ఉన్నాయి. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. మన దేశం 2018లో దాన్ని ధ్రువీకరించింది. పాదరసం థర్మామీటర్లు, బి.పి. మిషన్ల తయారీకి ఆ ఒప్పందం 2020ని గడువుగా పెట్టింది, కొన్ని దేశాలు గడువు పొడిగించుకున్నాయి.

అరువిచ్చిన థర్మామీటరు వారింట్లో పగిలిందని తెలిస్తే "కొత్తది కొనివ్వండి" అనే ముందు "పాదరసం ఏం చేశారు?" అని అడగండి. ఒక థర్మామీటరులో అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాము దాకా పాదరసం ఉంటుంది. పిల్లవాడు పొరపాటున మింగితే అది చాలావరకు అలాగే బయటికి పోతుంది, గాజు ముక్కల వల్లనే ఎక్కువ ప్రమాదం. అయినా డాక్టరుకు చూపించాలి. గదిలో మిగిలిపోయిన పాదరసం ఆవిరై ఊపిరితో లోపలికి పోవడం అంతకన్నా చెడ్డది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరవండి. చేతికి ఉన్న బంగారు ఉంగరాలు, గాజులు తీసేయండి, పాదరసం బంగారానికి అంటుకుని దాన్ని పాడు చేస్తుంది. చీపురుతో ఊడ్చరాదు, వాక్యూమ్ క్లీనరు వాడరాదు. రెండు గట్టి అట్ట ముక్కలతో పూసల్ని ఒకచోటికి చేర్చి, మూత ఉన్న సీసాలోకి ఎత్తండి. మిగిలిన చిన్న పూసలు అతుకు టేపుకు అంటుకుంటాయి. సింకులోనూ, కాలువలోనూ పోయరాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో పగిలిన పాదరసం థర్మామీటరును ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద చేర్చారు. సీసా మీద పేరు రాసి మునిసిపాలిటీవారికి విడిగా ఇవ్వండి.

ఎవరికీ ఇవ్వకూడనివి

కొన్ని వస్తువులు పాడై వచ్చినా, బాగుండి వచ్చినా ప్రమాదమే. షుగరు పరీక్షకు వేలు గుచ్చే సూది పెన్ను అందులో మొదటిది. "సూది మార్చాం గదండీ" అంటారు. సూది మార్చినా పెన్ను మూతి మీద కంటికి కనిపించని రక్తం ఉండవచ్చు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తంలో సైతం 7 రోజులు బతికి ఉండగలదు. ఇన్సులిను పెన్ను, గడ్డం గీసుకునే బ్లేడు, టూత్‌బ్రష్షు, కళ్ళలో వేసుకునే చుక్కల మందు, కాటుక, మాస్కు, ముక్కులో పెట్టే ఆక్సిజను గొట్టం కూడా ఇదే జాబితాలోనివి. వీటిని అన్నదమ్ములకైనా ఇవ్వరాదు. ఇవ్వనన్నందుకు కోపగించుకుంటే "డాక్టరు వద్దన్నారు" అని నా మీద పెట్టేయండి, నాకేమీ అభ్యంతరం లేదు.

అడగడం ఎలా?

మనలో చాలామందికి రెండే పద్ధతులు తెలుసు. ఒకటి, పైకి నవ్వుతూ తీసుకుని, ఆ తరువాత వీధివీధంతా చెప్పుకోవడం. రెండు, గుమ్మంలోనే గట్టిగా కేకలేయడం. మొదటి దాని వల్ల మనకు నిద్ర పోతుంది. రెండో దాని వల్ల వారు మళ్ళీ ఎప్పుడూ నిజం చెప్పరు.

మూడో పద్ధతి ఉంది. వస్తువు ఇచ్చేటప్పుడు వారి ఎదురుగానే ఒకసారి నడిపి చూపండి. "బాగుంది గదా అక్కయ్యా, చూశారుగా" అనండి. తీసుకునేటప్పుడు కూడా వారి ఎదురుగానే మళ్ళీ నడిపి చూడండి. ఇందులో అనుమానించడం ఏమీ లేదు, బ్యాంకులో నోట్లు మన ముందే లెక్కపెట్టడం లాంటిదే. తేడా కనిపిస్తే అప్పుడే, అక్కడే, మెల్లగా అడగండి. "వదినగారూ, మిషను గాలి నిలవడం లేదు. కింద పడిందా? పడితే పడింది గాని, సంగతి చెప్పండి. మీ అన్నయ్యగారు దీన్ని చూసుకునే మాత్ర వేసుకుంటారు" అని అడిగి చూడండి. "ఎవరు పాడు చేశారు?" అన్న ప్రశ్నకు అబద్ధం చెప్పేవారు కూడా, "ఏం జరిగింది?" అన్న ప్రశ్నకు చాలావరకు నిజమే చెబుతారు. పిల్లవాడు పడేశాడంటే వారి ముందే ఆ పిల్లవాణ్ణి దండించనీయకండి. ఆ పిల్లవాడే రేపు మీ ఇంట్లో ఏదైనా పగిలితే ముందుగా వచ్చి చెప్పాలి.

చెప్పాక "చెప్పి మంచి పని చేశారు" అనండి. వస్తువు సంగతి తరువాత తేల్చుకోవచ్చు.

ఖర్చు ఎవరిది?

ఇందులో చట్టం కూడా సామాన్యుడి ఇంగితం లాగానే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, ఇతరుల వస్తువు తన దగ్గర ఉంచుకున్నవాడు, ఇంగితం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూసుకోవాలి. అంత జాగ్రత్త తీసుకున్నా పాడైతే, మామూలుగా అతనిది తప్పు కాదు. అదే చట్టం 150వ సెక్షను ఇచ్చేవాడికి కూడా ఒక బాధ్యత పెట్టింది. వస్తువులో తనకు తెలిసిన, ప్రమాదం తెచ్చే లోపం ఉంటే ముందుగా చెప్పాలి. బుడిపె అరిగిన వాకరును చెప్పకుండా ఇచ్చి, తీసుకున్న పెద్దాయన జారిపడితే, ఆ పాపం ఇచ్చినవారిదే.

కోర్టు మెట్లెక్కమని నేను చెప్పడం లేదు. ఈ కొలత పెట్టుకుంటే ఇంట్లోనే న్యాయం తేలుతుందని చెబుతున్నాను. నాలుగేళ్ళు వాడిన పట్టీ వారింట్లో చిరిగితే అది అరుగుదల, మనమే భరించాలి. ఎండలో కారులో వదిలేసి పట్టీల డబ్బా పాడు చేస్తే అది అజాగ్రత్త, కొనివ్వమని అడగవచ్చు. అడిగేటప్పుడు అంకె చెప్పి అడగండి. "బాగు చేయించడానికి ఇంత అయింది, సగం మీరిస్తే సరిపోతుంది" అన్న మాట సూటిగా ఉంటుంది. "మీ ఇష్టం, ఎంతోకొంత" అన్న మాట ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది. రోజు కూలి మీద బతికే కుటుంబం దగ్గర మాత్రం ఆ డబ్బు అడగకపోవడమే మంచిది.

కోపం లోపల పెట్టుకోవద్దు, మీద వేసుకోవద్దు

కోపం వచ్చినప్పుడు గుండె వేగం, బి.పి. పెరుగుతాయి. ఆరోగ్యవంతుడికి అది కాసేపటికి సర్దుకుంటుంది. 2014లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, విపరీతమైన కోపం వచ్చిన తరువాత 2 గంటల లోపల గుండెపోటు వచ్చే అవకాశం మామూలు సమయం కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. ఒక్కొక్కసారికి లెక్క చూస్తే ఈ ప్రమాదం స్వల్పమే. కాని ఇదివరకే గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు, రోజూ ఎవరో ఒకరి మీద మండిపడేవారు దీన్ని తేలిగ్గా తీసుకోరాదు.

అందుచేత ఒళ్ళు మండుతున్నప్పుడు వెంటనే మాట్లాడకండి. వస్తువును బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి, వీధి చివరి దాకా నడిచి రండి. కోపంలో బి.పి. చూసుకోకండి, ఆ అంకె భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ రాత్రే నిర్ణయం అక్కర్లేదు, మర్నాడు ఉదయం మాట్లాడండి. వారం దాటనివ్వకండి, వారం దాటితే అది మనసులో పాతుకుంటుంది. వాదన అయిన తరువాత ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమట పట్టి, దవడకో చేతికో నొప్పి పాకుతుంటే "గ్యాస్" అనుకుని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

మళ్ళీ అడిగితే ఇవ్వాలా?

ఒకసారి పొరపాటున పాడు చేసి, ఒప్పుకుని, సరిచేసినవారికి నిస్సంకోచంగా మళ్ళీ ఇవ్వండి. రెండు మూడు సార్లు పాడు చేసి ఒక్కసారి కూడా చెప్పనివారికి వస్తువు ఇవ్వకండి, సాయం మాత్రం ఇవ్వండి. "మిషను బయటికి పంపడం లేదు బాబాయిగారూ, మీరే మా ఇంటికి రండి, నేనే చూసి పెడతాను" అంటే ఆయనకు బి.పి. తెలుస్తుంది, మిషనూ దక్కుతుంది. అబద్ధపు సాకులు చెప్పనక్కర్లేదు. "పాడైపోయింది" అని చెప్పి, మర్నాడు వారి కళ్ళ ముందే వాడితే ఉన్న స్నేహం కాస్తా పోతుంది.

అయితే ఒక్క విషయంలో లెక్కలు చూడకండి. పిల్లవాడికి ఊపిరి అందడం లేదని తలుపు తడితే పాత పగిలిన మాస్కు గురించి మాట్లాడే సమయం కాదది. మోటారు ఇచ్చి, మాస్కు కొత్తది వాడమనండి. పెదవులు నీలంగా మారినా, మాట్లాడలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా నెబ్యులైజరు కోసం ఇళ్ళు తిరగవద్దని, ముందు 108కి ఫోను చేయమని చెప్పండి. తరచు ఉబ్బసం వచ్చే పిల్లలున్నవారు ఇన్‌హేలరుతో పాటు స్పేసరు అనే ప్లాస్టిక్ గొట్టం తమ ఇంట్లోనే ఉంచుకోవాలి. సామాన్యమైన ఆయాసానికి అది నెబ్యులైజరుతో సమానంగా పనిచేస్తుంది, అరువు అవసరం కూడా తప్పుతుంది.

అరువు తీసుకునేవారికి రెండు మాటలు

తీసుకున్న వస్తువును తుడిచి, ఆరబెట్టి, పని అయిన రోజే తిరిగి ఇవ్వండి. బ్యాటరీలు అయిపోతే కొత్తవి వేసి ఇవ్వండి. పాడైతే పాడైందని చెప్పి ఇవ్వండి. కింద పడితే, పైకి బాగానే ఉన్నా, పడిందని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పడానికి మీకు కాస్త సిగ్గనిపించవచ్చు, అవతలివారు ముఖం ముడుచుకోవచ్చు. చెప్పకపోతే మాత్రం, మీకు సాయం చేసిన మనిషే రేపు ఆ మిషను చూపిన తప్పుడు అంకెను నమ్మి మందు వేసుకుంటాడు.